ఆకు కోసమే పెంచే మొక్క: మా శాన్ హోసే పెరట్లో అకాంథస్

కాలిఫోర్నియా బే ఏరియాలో మన తెలుగువాళ్ళ పెరళ్ళు చూస్తే దాదాపు అన్నీ ఒకేలా ఉంటాయి. కుండీలో కరివేపాకు, కిటికీ పక్కన మల్లె, ముందు గులాబీలు, సమ్మర్ వస్తే బెండ, వంగ, గోంగూర, ఆనప పందిరి, చోటుంటే ఒక నిమ్మ ఒక దానిమ్మ. మా పెరట్లోనూ ఇవన్నీ ఉన్నాయి, ఇవి లేకుండా నాకూ గడవదు. కానీ ఇంటికొచ్చినవాళ్ళు ఆగి చూసేది వీటి దగ్గర కాదు, తూర్పు కంచె పక్కన నడుమెత్తు దాకా పెరిగిన పెద్ద పెద్ద ఆకుల పొదల దగ్గర. మే నెలలో అయితే వాటి మధ్యలోంచి మనిషెత్తు కంకులు లేచి ఉంటాయి, ఊదా రంగు డిప్పల కింద తెల్ల పూలు. "ఇదేం మొక్కండీ, ముళ్ళున్నాయి జాగ్రత్త" అని వాళ్ళే నాకు చెప్తారు. దాని పేరు అకాంథస్. ఇక్కడ నర్సరీల్లో బేర్స్ బ్రీచెస్ అని అమ్ముతారు. వాట్సాప్‌లో ఒక్కొక్కళ్ళకీ ముక్కలు ముక్కలుగా చెప్పేకన్నా ఒకచోట మొత్తం రాసేస్తే మంచిదని ఈ పోస్ట్.

మా ఇంట్లో రెండు రకాలున్నాయి. ఒకటి అకాంథస్ మోలిస్, ఆకు వెడల్పుగా, నిగనిగలాడుతూ, అంచులు లోతుగా చీలి ఉంటాయి, బాగా కుదురుకున్నాక ఒక్కో ఆకు మూడడుగుల దాకా వస్తుంది. దీని ఆకులకి గుచ్చుకునే ముళ్ళు ఉండవు, ముళ్ళన్నీ పూలకంకి మీదే. రెండోది అకాంథస్ స్పైనోసస్, దీని ఆకు సన్నం, చీలికలు ఇంకా లోతు, ప్రతి చీలిక చివరా ఒక ముల్లు. చూడగానే మోలిస్ నచ్చుతుంది అందరికీ, రోజూ చూస్తుంటే మాత్రం స్పైనోసస్ ఎక్కువ నచ్చుతుంది, కనీసం నా సంగతి అంతే. పొద్దున ఎండ ఏటవాలుగా పడినప్పుడు ఆ చీలికల నీడలు ఒకదాని మీద ఒకటి పడుతుంటే కాఫీ కప్పు పట్టుకుని అక్కడే నిలబడిపోతాను. స్పైనోసస్‌లోనే స్పైనోసిసిమస్ అని ఇంకో గుంపు ఉంది, ఆకు మరీ సన్నగా తెగి, ముళ్ళు తెల్లగా మెరుస్తుంటాయి, దాన్ని చూశాను గానీ ఇంకా తెచ్చుకోలేదు, చోటు చూసుకోవాలి.

మనకి మొక్క అంటే పువ్వో కాయో ఆకుకూరో, ఏదో ఒకటి చేతికి రావాలి, పూజకో జడకో కూరకో. ఊరికే ఆకు అందం కోసం మొక్కకి చోటివ్వడం మనకి పెద్దగా అలవాటు లేదు, క్రోటన్లు తప్ప. కానీ పూలు ఏడాదిలో కొన్ని వారాలే, మిగతా నెలలన్నీ మన కంటికి కనపడేది ఆకులే కదా. పెరట్లో అన్నీ చిన్నచిన్న ఆకుల మొక్కలే ఉంటే దూరం నుంచి అంతా ఒకటే పచ్చ గీతలా కనిపిస్తుంది, మధ్యలో ఒక పెద్ద ఆకు, పదునైన అంచు ఉన్నది ఒకటి పడితే పక్కనున్న మామూలు మొక్క కూడా బాగా కనిపిస్తుంది. మా గులాబీల వెనకాల మోలిస్ పెట్టాక ఆ గులాబీలకే ఒక అందం వచ్చింది.

ఇంకో పెద్ద కారణం నీళ్ళు. 2012 నుంచి కాలిఫోర్నియాలో వరసగా కొన్నేళ్ళు కరువు వచ్చింది, 2015 ఏప్రిల్‌లో గవర్నర్ జెర్రీ బ్రౌన్ ఊళ్ళల్లో నీటి వాడకం 25 శాతం తగ్గించాలని ఆర్డర్ వేశారు. అప్పట్లో వీధిలో చాలామంది లాన్లు ఎండబెట్టేశారు, కొంతమంది తీసేసి రాళ్ళు పరిచేశారు. మేమూ వెనకాల లాన్ తీసేశాం కానీ రాళ్ళు పరవడం నాకు మనసొప్పలేదు. అప్పుడే తెలిసింది, అకాంథస్ మధ్యధరా సముద్రం చుట్టుపక్కల దేశాల మొక్క అని, అక్కడా ఇక్కడలాగే వానలు చలికాలంలో పడతాయి, ఎండాకాలం చుక్క రాదు. అంటే ఈ ఊరి వాతావరణం దానికి కొత్త కాదు. నవంబర్ నుంచి మార్చి దాకా పడే వానకి ఆకులన్నీ పెంచుకుంటుంది, వసంతం చివర్లో పూస్తుంది, జులై ఆగస్టుల్లో మనం నీళ్ళు పెట్టకపోతే పై ఆకంతా పసుపుపచ్చగా మారి పడిపోయి వేరు మాత్రం భూమిలో నిద్రపోతుంది. మళ్ళీ మొదటి వాన పడగానే కొత్త ఆకు తలెత్తుతుంది. మన మల్లెకి ఇక్కడ చలి సరిపడదు, కనకాంబరాన్ని చలికాలం ఇంట్లోకి మోసుకురావాలి, కరివేపాకుని దుప్పటి కప్పి కాపాడుకోవాలి. వాటి మీద ప్రేమతో అవన్నీ చేస్తాం, చేయాలి కూడా. కానీ పెరడు మొత్తం అలా బతిమాలి బతికించే మొక్కలతోనే నింపకూడదని నా గట్టి అభిప్రాయం, సగం చోటైనా ఈ నేలకీ ఈ వానకీ తగిన మొక్కకి ఇవ్వాలి.

పువ్వు గురించి చెప్పాలి, ఎందుకంటే దూరం నుంచి చూస్తే అసలు సంగతి తెలీదు. కంకి మీద కింద నుంచి పైకి వరసగా విచ్చుకుంటూ వెళ్తాయి. పెదవుల్లాంటి రేకులుండే పువ్వులకి మామూలుగా పైన ఒక పెదవి కింద ఒక పెదవి ఉంటే దీనికి పూరేకుల్లో పై పెదవే లేదు, కింద ఒక్కటే, తెల్లగా మూడు పాయలుగా, ఊదా గీతలతో. పైన గొడుగులా వంగి ఉండేది రేకు కాదు, రక్షకపత్రం, అదే ఆ ఊదా రంగు డిప్ప. దాని కింద నాలుగు కేసరాలు గట్టిగా దగ్గరికి నొక్కుకుని ఉంటాయి. తేనె అడుగున ఉంటుంది, దాన్ని అందుకోవాలంటే పైనున్న డిప్పనీ కింద రేకునీ బలంగా తోసుకుని లోపలికి దూరాలి. చిన్న తేనెటీగల వల్ల కాదు, పెద్ద ఒళ్ళున్నవి కావాలి. మా పెరటికి బంబుల్ బీలు వస్తాయి, వాటితో పాటు తుమ్మెదలు. అవును, మన తుమ్మెదల్లాంటివే, ఇక్కడ వ్యాలీ కార్పెంటర్ బీ అంటారు, ఆడది నల్లగా నిగనిగలాడుతూ ఉంటుంది, మగది మాత్రం బంగారు రంగులో ఆకుపచ్చ కళ్ళతో, మొదటిసారి చూసినప్పుడు అది తుమ్మెదే అని నమ్మలేకపోయాను. అది ఆ పువ్వులోకి దూరి వెనక్కి వచ్చేటప్పుడు వీపంతా పుప్పొడి. మా పాప స్కూల్ నుంచి రాగానే బ్యాగ్ పడేసి వాటిని చూడ్డానికి వెళ్ళేది, ఒక్కో పువ్వులోంచి బయటికి రావడానికి అవి చేసే హడావిడి చూస్తే టైం తెలీదు.

హైదరాబాద్‌వాళ్ళకి ఒక మాట చెప్పాలి, మీరు ఈ ఆకుని ఇప్పటికే చూసి ఉంటారు. నేను కోఠీ ఉమెన్స్ కాలేజీలో బీఎస్సీ చదివాను, బాటనీ ఒక సబ్జెక్టు. కాలేజీ మెయిన్ బిల్డింగ్ 1800ల మొదట్లో నిజాం దగ్గరుండే ఇంగ్లీషువాళ్ళ ప్రతినిధి కిర్క్‌పాట్రిక్ కట్టించిన బ్రిటిష్ రెసిడెన్సీ, 1949 నుంచి అందులో మన కాలేజీ, ఇప్పుడు యూనివర్సిటీ అయింది. ముందు మెట్లు, ఇటూ అటూ సింహాలు, ఆ పైన ఆకాశాన్ని మోస్తున్నట్టు స్తంభాలు. ఆ స్తంభాల తలల చుట్టూ చెక్కి ఉన్న ఆకులు ఇవే, అకాంథస్ ఆకులు. కొరింథియన్ అనే ఈ గ్రీకు తరహా స్తంభం ఎక్కడున్నా దాని తల మీద ఈ ఆకే ఉంటుంది, పాకిస్తాన్, అఫ్ఘనిస్తాన్ వైపు దొరికిన పాత గాంధార శిల్పాల్లో కొన్నిటిలో అయితే ఈ ఆకుల మధ్యలో బుద్ధుడు కూర్చుని ఉంటాడు. చదువుకున్న రోజుల్లో ఆ స్తంభాల కింద కూర్చుని రికార్డులు రాసుకున్నాం, టిఫిన్ డబ్బాలు పంచుకున్నాం, పైన చెక్కినది ఏ మొక్క ఆకో ఎవరూ చెప్పలేదు, అక్కడే బాటనీ చదువుతున్న మాకు కూడా. ఆ కాలేజీలో ఇప్పుడు పాఠం చెప్పే బాటనీ మేడమ్‌లు ఎవరైనా ఇది చదివితే ఒక్కసారి పిల్లల్ని ఆ స్తంభాల కిందకి తీసుకెళ్ళి తలెత్తి చూపించండి, ప్లీజ్.

ఈ ఆకు స్తంభం మీదకి ఎలా ఎక్కిందో విట్రూవియస్ అనే రోమన్ ఆర్కిటెక్ట్ ఒక కథ రాసిపెట్టాడు, రెండు వేల ఏళ్ళ కిందట. గ్రీసులోని కొరింథ్ ఊళ్ళో పెళ్ళీడుకొచ్చిన ఒక అమ్మాయి జబ్బుచేసి చనిపోయింది. ఆమెని పెంచిన దాది ఆ పిల్లకి ఇష్టమైన వస్తువులన్నీ ఒక బుట్టలో సర్ది సమాధి మీద పెట్టి, వానకి తడవకుండా పైన ఒక పెంకు మూసింది. ఆ బుట్ట సరిగ్గా ఒక అకాంథస్ వేరు మీద పడింది. వసంతం రాగానే వేరు చిగురించి ఆకులు బుట్ట చుట్టూ లేచాయి, పైన పెంకు మూలలు అడ్డం తగిలేసరికి కొసలు బయటికి చుట్టుకున్నాయి. ఆ దారిన పోతున్న కాలిమాకస్ అనే శిల్పి అది చూసి స్తంభానికి ఆ రూపం ఇచ్చాడట. నిజంగా జరిగిందో లేదో గానీ ఈ మొక్కని పెంచినవాళ్ళు ఆ కథలో మొక్క చేసిన పని మాత్రం ఇట్టే నమ్ముతారు. పైన ఏం పెట్టినా దాని వేరు ఊరుకోదు, పక్కనుంచి లేస్తుంది. మా కంచె పక్కన ఇటుకలు పేర్చిన చోట ఇటుకల మధ్య సందులోంచి ఆకు లేచి పక్కకి ఒంపు తిరిగింది, చూస్తే అచ్చం కోఠీ స్తంభం. గ్రీకులు చెక్కినది మొనలు పదునుగా ఉంటే స్పైనోసస్ అనీ, రోమన్లది గుండ్రంగా ఉంటుంది కాబట్టి మోలిస్ అనీ అంటారు.

ముళ్ళ సంగతికొస్తే, మా అత్తగారు ఇండియా నుంచి వచ్చినప్పుడు మొదటి రోజే అన్నారు, "ఇంట్లో ముళ్ళ చెట్టు ఏంటమ్మా, పోట్లాటలొస్తాయంటారు, తీసేయించు" అని. మన పెద్దవాళ్ళలో ఈ నమ్మకం చాలామందికి ఉంది, కొట్టిపారేయడం నాకిష్టం లేదు, గుమ్మం ముందు ముళ్ళుంటే పిల్లలకి గుచ్చుకుంటాయి, చీర కొంగు పట్టుకుంటుంది, ఆ మాటలో అర్థం ఉంది. "వీధి వైపు లేదు అత్తయ్యా, వెనక కంచె వారే కదా, అటు ఎవరూ నడవరు" అంటే ఊరుకున్నారు. తర్వాత కంకి లేచాక ఒక సాయంత్రం దగ్గరికెళ్ళి చూసి, "ఇది మన కనకాంబరం కంకిలాగే ఉందే, అలాగే ఒకదాని మీద ఒకటి పొట్టు పొట్టుగా" అన్నారు. ఆవిడ చదివింది అయిదో తరగతే, కానీ సరిగ్గా పట్టుకున్నారు. కనకాంబరం, అడ్డసరం, ముళ్ళగోరింట, నీటిగొబ్బి, నేలవేము, ఇవన్నీ అకాంథేసి కుటుంబమే, ఈ అకాంథస్ పేరు మీదే ఆ కుటుంబానికి పేరు. అత్తగారిది తాళ్ళరేవు వైపు, "మా కోరంగి మడల్లో కాలవ గట్టున ఇలాంటి ముళ్ళాకులే ఉంటాయి, పువ్వు నీలంగా ఉంటుంది" అని కూడా అన్నారు. అది కూడా నిజమే, కోరంగి మడ అడవిలో పెరిగే అకాంథస్ ఇలిసిఫోలియస్ దీనికి సొంత చెల్లెలు, ఉప్పు నీళ్ళల్లో బతుకుతూ ఒంట్లోకొచ్చిన ఉప్పుని ఆకుల మీదకి బయటికి పంపేస్తుంది. కాకినాడ నుంచి కోరంగి వెళ్ళి చెక్క వంతెన మీద నడిచేవాళ్ళు ఈసారి గట్టు వైపు చూడండి, ముళ్ళంచు ఉన్న ఆకు, లేత ఊదా పువ్వు. ఆ రోజు నుంచి అత్తగారు తీసేయమనలేదు, పైగా ఎవరైనా వస్తే ఆవిడే చూపించేవారు.

కనకాంబరం ఎండు కాయ మీద నీళ్ళు పడితే టప్‌మని పేలుతుంది కదా, చిన్నప్పుడు అందరం ఆడుకున్నదే. అకాంథస్ కాయ కూడా పేలుతుంది, కాకపోతే దీనికి తడి అక్కర్లేదు, బాగా ఎండిన కాయ వేడి రోజున దానంతట అదే పగులుతుంది. గింజ కింద చిన్న కొక్కెం లాంటిది ఉంటుంది, కాయ విచ్చుకున్న ఊపుకి అది గింజని దూరంగా విసురుతుంది. కాబట్టి మొలకలు వద్దనుకుంటే కాయ ఎండకముందే కంకి కోసేయాలి. కోసేటప్పుడు తోలు గ్లవ్స్ వేసుకోండి, గుడ్డ గ్లవ్స్‌లోంచి ఆ ముళ్ళు దిగుతాయి. కోసిన కంకిని తలకిందులుగా వేలాడదీసి ఆరబెడితే ఇంట్లో పొడుగు వాజ్‌లో నెలల తరబడి ఉంటుంది.

ఇక పెంచడం. అన్నిటికన్నా ముఖ్యం చోటు ముందే ఆలోచించుకోవడం, ఎందుకంటే ఒకసారి నాటాక దాన్ని ఆ చోటు నుంచి పూర్తిగా తీయడం చాలా కష్టం. వేళ్ళు లావుగా కండపట్టి లోతుకి వెళ్తాయి, తవ్వి తీసినా మట్టిలో ఒక ముక్క మిగిలితే చాలు అక్కడ ఇంకో మొక్క. ఇదే గుణం మనకి లాభం కూడా, ఎవరి దగ్గరైనా పొద ఉంటే చలికాలంలో పెన్సిల్ లావు వేరు తీసి రెండు మూడు అంగుళాల ముక్కలు చేసి ఇసక కలిపిన మట్టిలో అడ్డంగా పడుకోబెట్టి పల్చగా మట్టి కప్పండి, వసంతానికి చిగురొస్తుంది. నిలువుగా గుచ్చేట్టయితే పై కొస సూటిగా, కింది కొస ఏటవాలుగా కోసి పెట్టుకోవాలి, తలకిందులు కాకుండా. మొక్కకీ మొక్కకీ మూడడుగులన్నా వదలండి, మొదటి ఏడు ఖాళీగా కనిపిస్తుంది, ఆ ఖాళీలో కొత్తిమీరో మెంతికూరో చల్లుకోండి. పూలకి తొందరపడొద్దు, నాటిన తర్వాత రెండు మూడేళ్ళు వేళ్ళు కుదురుకోవడానికే తీసుకుంటుంది.

మోలిస్‌కి పొద్దుటి ఎండ చాలు, మధ్యాహ్నం నీడ ఉంటే మంచిది. సాన్ ఫ్రాన్సిస్కో, డేలీ సిటీ లాంటి చల్లటి చోట్ల పూర్తి ఎండలో పెట్టినా పర్లేదు, శాక్రమెంటో వైపు మాత్రం నీడ తప్పదు. వేడి రోజుల్లో మధ్యాహ్నానికి ఆకులన్నీ వేలాడిపోతాయి, చూసినవాళ్ళకి చచ్చిపోతుందేమో అనిపిస్తుంది, వెంటనే హోస్ పట్టుకుని వెళ్ళకండి, సాయంత్రం చల్లబడగానే మళ్ళీ లేస్తాయి, పొద్దున్నే కూడా వేలాడుతుంటే అప్పుడు నీళ్ళు పెట్టండి. స్పైనోసస్ ఎండని బాగా తట్టుకుంటుంది. మట్టి గురించి పెద్ద బెంగ అక్కర్లేదు, మా బంకమట్టిలోనే పెరుగుతోంది, ఏడాదికోసారి కంపోస్ట్ వేస్తాను అంతే. చలికాలంలో నీళ్ళు నిలవకుండా చూసుకోవాలి, నిలిస్తే వేరు కుళ్ళుతుంది.

దీనికి అసలు శత్రువులు నత్తలు. లేత ఆకుని చిల్లులు చిల్లులు చేస్తాయి. కాలిఫోర్నియాలో కనిపించే ఆ గోధుమరంగు నత్త ఇక్కడిది కాదట, 1850ల్లో ఫ్రాన్స్ నుంచి తినడానికి తెచ్చినవి పెరళ్ళలోకి పాకిపోయాయి. వాన పడ్డ రాత్రి టార్చ్ తీసుకుని వెళ్ళి ఏరడం అన్నిటికన్నా బాగా పనిచేస్తుంది, మావారూ పాపా ఆ డ్యూటీ తీసుకున్నారు. ఏరే ఓపిక లేకపోతే ఐరన్ ఫాస్ఫేట్ గుళికలు చల్లండి, కుక్కలున్న ఇళ్ళల్లో మెటాల్డిహైడ్ ఉన్న మందు మాత్రం వాడొద్దు, వాటి ప్రాణానికే ప్రమాదం. సమ్మర్ చివర్లో ఆకు మీద తెల్లటి పొడిలా బూజు వస్తుంది, అలా వచ్చిన ఆకుల్ని మొదలుకి కోసేస్తే సరిపోతుంది, ఎలాగూ శరత్కాలానికి కొత్త ఆకు వస్తుంది కదా, దానికోసం మందులు కొట్టడం అనవసరం.

వేరే రాష్ట్రాల్లో ఉన్నవాళ్ళు కూడా అడుగుతున్నారు. ఇక్కడ చలిని బట్టి ప్రాంతాలకి జోన్ నంబర్లు ఇస్తారు, అంకె తగ్గేకొద్దీ చలి ఎక్కువ. మోలిస్ జోన్ 7 నుంచి 10 దాకా అంటారు, కాబట్టి డాలస్, అట్లాంటాలో నీడ చూసి పెట్టొచ్చు. న్యూజెర్సీలో చలికాలం పైన ఆకులు పూర్తిగా పోతాయి, మొక్క మొదలు చుట్టూ ఎండుటాకులు మందంగా కప్పితే వసంతంలో తిరిగొస్తుంది. షికాగో వైపు అయితే స్పైనోసస్సే నయం, అది జోన్ 5 చలి దాకా తట్టుకుంటుంది. హైదరాబాద్, విజయవాడలో ఉన్నవాళ్ళకి నేను అకాంథస్ చెప్పను, అక్కడ ఎండల తర్వాత వెంటనే వాన, నేల వేడిగా తడిగా ఉంటుంది, దీని అలవాటు సరిగ్గా దానికి ఉల్టా. మీకు దీని చుట్టం ముళ్ళగోరింట ఉంది, పసుపు నారింజ కలిసిన పువ్వు, ఆకు మొదట్లో ముళ్ళు, ఎండకి చలించదు, కొమ్మ గుచ్చితే బతుకుతుంది, కంచె వారగా వరసగా పెడితే మేకలు కూడా దూరవు. అలాంటి మొక్క ఊళ్ళో ఉచితంగా దొరుకుతుంటే నర్సరీల్లో డబ్బులు పోసి పేరు తెలియని విదేశీ మొక్కలు కొనడం నాకు బాధగా ఉంటుంది.

ముళ్ళాకుల మీద ఇష్టం పెరిగినవాళ్ళు ఎరింజియం కూడా చూడండి, సీ హోలీ అంటారు, పువ్వు కాడ ఆకు అన్నీ ఉక్కు నీలం రంగుకి తిరుగుతాయి, పూర్తి ఎండ కావాలి, మట్టి ఎంత పేదగా ఉంటే అంత నిటారుగా నిలబడుతుంది, లోతు వేరు కాబట్టి ఒకసారి పెట్టాక కదపకూడదు. ఎకినాప్స్ రిట్రో కూడా బాగుంటుంది, ముళ్ళ ఆకు, నీలం బంతి, మన చేల గట్ల మీద బ్రహ్మదండి చూసినవాళ్ళు వెంటనే గుర్తుపడతారు, అదీ ఎకినాప్సే. ఈ రెండూ అకాంథస్ ముందు వరసలో పెడితే ఆ పెద్ద ఆకు ముందు నీలం బాగా ఎలివేట్ అవుతుంది.

కొనేవాళ్ళు సమ్మర్‌లో కొనకండి, ఎండిపోయి ఉన్న కుండీలు సగం ధరకి అమ్ముతుంటారు, బతుకుతాయి గానీ కుదురుకోవడానికి ఎక్కువ టైం పడుతుంది. అక్టోబర్ చివర్లో కొని వానలకి ముందు నాటుకోండి. సౌత్ బేలో ఉన్నవాళ్ళెవరికైనా వేరు ముక్కలు కావాలంటే డిసెంబర్‌లో మోలిస్ పొద ఒకటి విడదీస్తాను, కామెంట్ పెట్టండి. స్పైనోసస్ మాత్రం ఈ ఏడాదికి ఇవ్వలేను, అది ఇంకా పెరగాలి.